ధాన్యకటకపు ఎల్లలు

ధాన్యకటకమనగా అమరావతి స్తూపమే యను భావము మనలో రూఢమైనది. స్తూపావశేషముల చుట్టునున్న కంచెయే ప్రాచీన నగరమునకు ఎల్ల యని చూపరులు తలచుచుందురు. ఈ తలంపు పరిశీలనకు నిలువదు.

శాసనములు పేర్కొన్న ధాన్యకటకము నివాసనగరము. స్తూపము దానికి తూర్పున వెలసిన ఆరాధనాస్థానము. స్తూపమునకు పడమట ధరణికోటలో 1962-65 నడుమ పురావస్తుశాఖ జరిపిన త్రవ్వకములలో కోటగోడయు, ఓడలు వచ్చు కాలువయు, ఇటుకల రేవుకట్టయు బయల్పడినవి. కావున ఈ నగరము కృష్ణాతీరమున ముగియక, కృష్ణను తనలోనికి తెచ్చుకొన్నదనవలెను.

ఎల్ల నిర్ణయింపబడని స్థలమునకు రక్షణ లేదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతీపట్టణమును కట్టించినపుడు స్తూపపు దిబ్బలోని ఇటుకలు, పలకలు క్రొత్త కట్టడములకు పోయినవి. 1816లో మెకంజీ మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియుండెను. 1845లో ఇలియట్ వెలికితీయించిన శిల్పములు పిదప లండను చేరినవి.

1958 నాటి చట్టమునకు 2010లో జరిగిన సవరణ ననుసరించి రక్షితస్థలపు హద్దునుండి 100 మీటర్లవరకు నిర్మాణము నిషిద్ధము. ఆపైని 200 మీటర్లు నియంత్రితము. మొదటి గీత ఎక్కడ పడునో తక్కిన కొలతలన్నియు అక్కడినుండియే మొదలగును. అందుచే స్తూపము, కోట, రేవుకాలువ అను మూటిని ఒక్క నగరముగా నెంచి, ఒక్క పటమున హద్దులు గుర్తించుట యుక్తము.