ఫోన్ ఎత్తినవాళ్లు ఏం విన్నారు? (6వ భాగం)

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఎన్జీవోల కౌన్సెలింగంటే మన కోపాన్ని చల్లార్చడమేగా?"

నేనూ అలాగే అనుకునేవాణ్ని. చదువుకునే రోజుల్లో నిద్రపట్టక ఒక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశా. మెస్సులో నా పక్కన ఎవరూ కూర్చోరని చెప్తే, "మీరే ముందు పలకరించండి" అన్నారు. మళ్లీ చేయలేదు.

చెన్నై 'స్నేహ' గురించి తెలిశాక కొంత మారాను. 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ పెట్టిన స్వచ్ఛంద సంస్థ అది. అప్పటికి ఆత్మహత్యాయత్నం ఐపీసీ 309 కింద నేరం. చావబోయినవాడు ఆసుపత్రికన్నా పోలీసుకే ఎక్కువ భయపడాలి! పరీక్షా ఫలితాల రోజుల్లో పిల్లల ఫోన్లు. వీళ్లు ధైర్యం చెప్పి ఊరుకోలేదు. ఫెయిలైనవాళ్లకు ఏడాది పోకుండా వెంటనే ఇంకో పరీక్ష పెట్టాలని ప్రభుత్వం వెంటపడ్డారు. తమిళనాడులో ఆ పరీక్ష వచ్చింది. ఫోన్లో విన్నది రూలుదాకా వెళ్లింది.

మరి కులం గురించి విన్నది ఎక్కడిదాకా వెళ్లింది?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫెలోషిప్ ఆగి, హాస్టల్ నుంచి వెలికి గురైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు దూరమయ్యాడు. ఆగిన ఫెలోషిప్‌ని ఏ కౌన్సెలర్ ఇప్పిస్తాడు?

ఆ తర్వాతి ఏళ్లలోనే దివ్య కందుకూరి 'ది బ్లూ డాన్' మొదలుపెట్టింది. కులమంటే ఏంటో మొదట్నుంచి వివరించక్కర్లేని థెరపిస్టుల్ని, మనం కట్టగలిగే ఫీజుకి, బహుజనులతో కలపడం దాని పని. నేను ఫోన్ పెట్టేసిన రాత్రి అలాంటిది లేదు.

యూనివర్సిటీల్లో ఎస్సీ, ఎస్టీ సెల్స్ సంగతి వచ్చే భాగంలో. ఈలోపు ఎవరికైనా రాత్రి బరువైతే టెలీ మానస్ 14416కి చేయండి, అది ప్రభుత్వానిదే. లేదా నాకు మెసేజ్ పెట్టండి, మేలుకునే ఉంటా.