నల్లా నీళ్ళ లెక్క

పాలవాడి లెక్కకు కాలెండరు మీద గీతలు పెడతాం. చాకలి పద్దులో ఒక్క గుడ్డ తప్పనివ్వం. నీళ్ళ బిల్లు వస్తే మాత్రం చూడకుండా మగవారి చేతిలో పెడతాం. ఇవాళ ఆ బిల్లు వెనకాల కథ, హైదరాబాదుది, చెప్పుకుందాం.

1908లో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మళ్ళీ అంతటి ముప్పు రాకూడదని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సలహా మీదనే 1920లో ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, ఆ తర్వాత 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులే ఊరి దాహం తీర్చాయి. గండిపేట మెరక కావడంతో నీళ్ళు వాటంతటవే దిగివచ్చేవి.

ఊరు పెరిగింది, చెరువులు చాలలేదు. 1965లో మంజీర నీళ్ళు వచ్చాయి, 2004లో కృష్ణ నీళ్ళు. కృష్ణ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, కరెంటుతో ఎత్తిపోసి తేవాలి. అంచేత ప్రతి బిందెకూ ఖర్చుంది. ఆ ఖర్చు ఎవరు ఎంత భరించాలన్నదే అసలు తగువు.

దానికి సాక్షి మీటరు. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నారు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 166 లీటర్లన్నమాట. బస్తీలకు తప్ప మిగతావారికి పనిచేసే మీటరుండాలని షరతు పెట్టారు. మీటరు చెడితే ఉచితం సంగతి అటుంచి, సగటు లెక్కన బిల్లు వస్తుంది. పొదుపుగా వాడిన ఇల్లాలికి ఏం న్యాయం జరిగినట్టు? అపార్టుమెంట్లలో మరో చిక్కు. అందరికీ కలిపి ఒకే మీటరు; ఖర్చు సమంగా పంచితే ఇద్దరున్న ఇల్లూ, ఆరుగురున్న ఇల్లూ ఒకటే ఇచ్చుకోవాలి.

అలాగని మీటరు ఎప్పుడూ నిజమే చెబుతుందనుకోకండి. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చేచోట ఖాళీ గొట్టంలోని గాలి ముందుగా తోసుకొచ్చి ముల్లును తిప్పేస్తుంది. నీళ్ళు రాకుండానే లెక్క పెరుగుతుంది!

మీరు చేయవలసిందల్లా ఇంతే. నల్లపు అంకెలు కిలోలీటర్లు, ఒక్కొక్కటి వెయ్యి లీటర్లు. నెలకోసారి అవి రాసుకోండి. ఈ నెల అంకెలోంచి పోయిన నెలది తీసేస్తే మీ వాడకం తేలుతుంది. నల్లా నీళ్ళొస్తున్న వేళ సంపులోకి వెళ్ళే కట్ట బిగించి చూడండి. అప్పుడూ ముల్లు తిరుగుతుంటే ఎక్కడో గొట్టం కారుతున్నట్టే. బిల్లు తప్పనిపిస్తే ఆ అంకెలు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళండి. నోటిమాట కన్నా రాసిపెట్టిన లెక్కకు బలం ఎక్కువ.