హెచ్‌-1బీ నుంచి హెచ్‌-4కు మారుతున్నారా? గడువు, ఫీజు, ఉద్యోగంపై ముందే తెలుసుకోవాల్సినవి

భార్యాభర్తలిద్దరూ హెచ్‌-1బీ మీద అమెరికాలో ఉద్యోగం చేస్తున్నారు. వారిలో ఒకరికి లేఆఫ్‌ మెయిల్‌ వచ్చింది. లేదా పిల్లల కోసమో, చదువు కోసమో ఒకరు కొంతకాలం ఉద్యోగం మానేయాలనుకున్నారు. అలాంటప్పుడు తెలుగు కుటుంబాల్లో ముందుగా వినిపించే సలహా ఒకటే: ‘హెచ్‌-4కు మారిపోతే సరిపోతుంది కదా!’

చాలామందికి అది సరైన దారే. అయితే ఎప్పుడు మారుతున్నారు, అమెరికాలో ఉండి మారుతున్నారా లేక ఇండియా వచ్చి మారుతున్నారా అన్నదాన్ని బట్టి మళ్లీ ఉద్యోగంలో చేరే అవకాశాలు చాలా మారిపోతాయి. ఆ తేడాలేమిటో చూద్దాం.

వీసా వేరు, స్టేటస్‌ వేరు

పాస్‌పోర్టులో అతికించే స్టాంపు వీసా. అది అమెరికాలోకి ప్రవేశించడానికి మాత్రమే. లోపలికి వెళ్లాక మీరు ఏ హోదాలో, ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94. దీన్నే స్టేటస్‌ అంటారు.

అమెరికాలో ఉంటూనే హెచ్‌-1బీ నుంచి హెచ్‌-4కు మారితే మారేది స్టేటస్‌ మాత్రమే. పౌరసత్వ, వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌ పంపే ఐ-797 ఆమోదపత్రం కింది భాగంలోనే కొత్త ఐ-94 ఉంటుంది. పాస్‌పోర్టులో హెచ్‌-1బీ స్టాంపు అలాగే ఉన్నా, తర్వాత ఎప్పుడైనా ఇండియా వచ్చి హెచ్‌-4గా తిరిగి వెళ్లాలంటే అది పనికిరాదు. కాన్సులేట్‌లో హెచ్‌-4 స్టాంపింగ్‌ చేయించుకోవాలి.

60 రోజులు ఎప్పటి నుంచి లెక్క?

ఉద్యోగం పోయినా వెంటనే దేశం విడిచి వెళ్లనక్కర్లేకుండా 2017 జనవరి నుంచి గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్‌ పీరియడ్‌ ఉంది. ఇందులో మూడు విషయాలు చాలామంది పొరబడేవి.

మొదటిది, లెక్క మొదలయ్యే రోజు. సాధారణంగా మీకు జీతం లెక్కగట్టిన చివరి పనిదినం మర్నాటి నుంచి 60 రోజులు లెక్కిస్తారు. ఉదాహరణకు చివరి రోజు మార్చి 3 అయితే, గడువు మే 2తో ముగుస్తుంది. కంపెనీ ఇచ్చే సెవరెన్స్‌ డబ్బు రెండు, మూడు నెలల జీతానికి సమానమైనా ఈ గడువు పెరగదు.

రెండోది, ఐ-94 గడువు. పై ఉదాహరణలో మీ ఐ-94 మార్చి 25న ముగిసిపోతుంటే, గ్రేస్‌ పీరియడ్‌ కూడా ఆ రోజుతోనే సరి. 60 రోజులు, ఐ-94 గడువు... ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అదే లెక్క.

మూడోది, దరఖాస్తు చేరే తేదీ. గడువులోగా మీరు పోస్టు చేస్తే చాలదు, యూఎస్‌సీఐఎస్‌కు అంది ఉండాలి. చివరి వారం దాకా ఆగకపోవడం మంచిది. నిర్ణయం మాత్రం 60 రోజుల్లోపే రావాలని లేదు.

దరఖాస్తు ఎలా?

స్టేటస్‌ మార్పు కోసం వేయాల్సింది ఫారం ఐ-539. మీ కంపెనీతో గానీ, భాగస్వామి కంపెనీతో గానీ సంబంధం లేకుండా మీ పేరుతో మీరే వేసుకోవచ్చు. 2024 ఏప్రిల్‌ 1 నుంచి దీని ఫీజు ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాగితంపై అయితే 470 డాలర్లు. గతంలో వేరుగా వసూలు చేసిన 85 డాలర్ల బయోమెట్రిక్‌ ఫీజును 2023 అక్టోబర్‌లో ఎత్తేశారు. 2025 అక్టోబర్‌ 28 తర్వాత కాగితపు చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం లేదు. కాగితంపై దరఖాస్తు చేసేవారు కార్డు ద్వారా లేదా అమెరికా బ్యాంకు ఖాతా నుంచి చెల్లించాలి. ఫీజులు, ఫారాల ఎడిషన్లు మారుతుంటాయి కాబట్టి పంపే రోజున యూఎస్‌సీఐఎస్‌ వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి. పాత ఎడిషన్‌ ఫారం పంపితే వెనక్కి తిప్పి పంపుతారు. ఆ లోపు గడువు దాటిపోతే నష్టం మీకే.

జతచేయాల్సినవి ఇవి:
- మీ పాస్‌పోర్టు, ఐ-94, హెచ్‌-1బీ ఐ-797 ప్రతులు
- మీరు చివరి రోజు వరకు ఉద్యోగంలో ఉన్నట్లు చూపే పే స్టబ్‌లు
- భాగస్వామి పాస్‌పోర్టు, ఐ-94, హెచ్‌-1బీ ఐ-797, ఇటీవలి పే స్టబ్‌లు, ఉద్యోగ ధ్రువీకరణ లేఖ
- వివాహ ధ్రువీకరణ పత్రం

చివరి దాని దగ్గరే మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడతారు. శుభలేఖ, పెళ్లి ఫొటోలు అదనపు ఆధారాలే తప్ప సర్టిఫికెట్‌కు బదులు కావు. ఇద్దరూ హెచ్‌-1బీ మీద విడివిడిగా వెళ్లిన జంటల్లో కొందరికి అప్పటి వరకు దాని అవసరమే పడి ఉండదు. సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయంలో పెళ్లి రిజిస్టర్‌ చేయించాలంటే సాధారణంగా దంపతులిద్దరూ సాక్షులతో హాజరు కావాలి. అమెరికాలో ఉండి 60 రోజుల్లో ఆ పని చేయించడం కష్టం. అందుకే ఉద్యోగం బాగున్నప్పుడే, ఇండియా వచ్చిన సెలవుల్లో ఈ పని పూర్తి చేసుకోండి. సర్టిఫికెట్‌ తెలుగులో ఉంటే పూర్తి ఆంగ్ల అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ కూడా జతచేయాలి.

దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా...

గడువులోగా సరైన దరఖాస్తు వేస్తే, నిర్ణయం వచ్చేదాకా మీరు అమెరికాలో ఉండొచ్చు. ఆ కాలాన్ని అక్రమ నివాసంగా లెక్కించరు. నిర్ణయానికి నెలలు పట్టొచ్చు. అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చుకునే ప్రీమియం ప్రాసెసింగ్‌ సదుపాయం హెచ్‌-4 దరఖాస్తులకు లేదు.

ఈ కాలంలో రెండు పనులు చేయొద్దు. ఒకటి, ఉద్యోగం పోయినవారు ఏ పనీ చేయకూడదు. ఫ్రీలాన్సింగ్‌, స్నేహితుడి స్టార్టప్‌కు డబ్బు తీసుకుని సాయం చేయడం లాంటివీ పని కిందకే వస్తాయి. రెండు, దేశం దాటి వెళ్లొద్దు. స్టేటస్‌ మార్పు పెండింగ్‌లో ఉండగా అమెరికా విడిచి వెళ్తే దరఖాస్తును మీరే వదులుకున్నట్లు పరిగణిస్తారు.

దరఖాస్తు తిరస్కరిస్తే, ఆ మర్నాటి నుంచి అక్రమ నివాసం లెక్క మొదలవుతుంది. అది 180 రోజులు దాటాక దేశం విడిచి వెళ్తే మూడేళ్లు, ఏడాది నిండాక వెళ్తే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టకుండా నిషేధం పడుతుంది. తిరస్కరణ లేఖ వస్తే అదే రోజు ఇమిగ్రేషన్‌ లాయర్‌తో మాట్లాడండి.

ఉద్యోగం పోకుండా, స్వయంగా హెచ్‌-4కు మారాలనుకునేవారికి కొంత వెసులుబాటు ఉంది. మీ హెచ్‌-1బీ గడువు ఉన్నంత వరకు, దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నా ఉద్యోగం చేసుకోవచ్చు. హెచ్‌-4 అమల్లోకి వచ్చిన రోజు నుంచి మాత్రం ఆపేయాలి. ఆమోదం అనుకున్నదానికంటే ముందే రావొచ్చు. కాబట్టి కేసు స్టేటస్‌ తరచూ చూసుకుంటూ, కంపెనీకి ముందే చెప్పి ఉంచండి.

హెచ్‌-4 మీద ఉద్యోగం చేయొచ్చా?

హెచ్‌-4 వస్తే చదువుకోవచ్చు. ఉద్యోగం చేయాలంటే మాత్రం ఈఏడీ కార్డు ఉండాలి. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఇది అందరికీ రాదు. మీ భాగస్వామికి గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 ఆమోదం వచ్చి ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ ఆధారంగా వారికి ఆరేళ్ల పరిమితి దాటి హెచ్‌-1బీ పొడిగింపు లభించి ఉండాలి.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం: ‘నాకే ఐ-140 ఆమోదం ఉంది కదా, ఈఏడీ రాదా?’ రాదు. హెచ్‌-4 ఈఏడీకి చూసేది హెచ్‌-1బీలో కొనసాగుతున్న భాగస్వామి ఐ-140నే. అయినా మీ ఐ-140 వృథా కాదు. అది ఆమోదం పొంది 180 రోజులు దాటితే, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నంత మాత్రాన రద్దు కాదు. అందులోని ప్రయారిటీ డేట్‌ తర్వాతి గ్రీన్‌కార్డు దరఖాస్తుకు ఉపయోగపడుతుంది. దశాబ్దానికి పైగా వెయిటింగ్‌లో ఉండే భారతీయులకు ఆ తేదీ ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. ఆ ఐ-797 ప్రతిని భద్రంగా దాచుకోండి.

ఈఏడీకి ఫారం ఐ-765 వేయాలి. కాగితంపై ఫీజు 520 డాలర్లు. ఐ-539తో కలిపే పంపొచ్చు. అయితే హెచ్‌-4 ఆమోదం వచ్చాకే ఈఏడీ ఇస్తారు. కార్డు చేతికి రాకముందు పనిలో చేరకూడదు.

రెన్యూవల్‌లోనూ ఇప్పుడు జాగ్రత్త అవసరం. గతంలో గడువులోగా రెన్యూవల్‌కు దరఖాస్తు చేస్తే పాత కార్డు కొంతకాలం ఆటోమేటిక్‌గా పొడిగించేవారు. 2025 అక్టోబర్‌ 30 నుంచి వేసిన దరఖాస్తులకు ఆ సదుపాయం తీసేశారు. కొత్త కార్డు రాకముందే పాతది ముగిస్తే ఉద్యోగం ఆపాల్సిందే. కార్డు గడువుకు 180 రోజుల ముందు నుంచే రెన్యూవల్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఆ అవకాశాన్ని మొదటి రోజు నుంచే వాడుకోండి.

మళ్లీ హెచ్‌-1బీకి రావాలంటే లాటరీ తప్పదా?

అక్కర్లేదు. ఒకసారి లాటరీలో ఎంపికై హెచ్‌-1బీ పొందినవారిని వార్షిక కోటాలో లెక్కించేసినట్లే. ఆరేళ్లలో వాడుకోని కాలం మీకు మిగిలే ఉంటుంది. హెచ్‌-4 మీద గడిపిన రోజులు ఆ ఆరేళ్లలోకి రావు. నాలుగేళ్ల రెండు నెలలు పనిచేసి హెచ్‌-4కు మారితే, ఇంకా ఏడాది పది నెలలు మీ ఖాతాలో ఉన్నట్లే. మీ ఐ-140 ఆమోదం ఉంటే ఆరేళ్లు దాటి కూడా పొడిగింపు అడగొచ్చు.

ఒక తేడా గుర్తుంచుకోండి. 60 రోజుల గ్రేస్‌ పీరియడ్‌లోపే కొత్త కంపెనీ హెచ్‌-1బీ పిటిషన్‌ వేస్తే, అది దాఖలైనప్పటి నుంచే పనిలో చేరొచ్చు. హెచ్‌-4కు మారిపోయాక వేస్తే, ఆమోదం వచ్చేదాకా ఆగాలి. ఇక్కడ ప్రీమియం ప్రాసెసింగ్‌ ఉంది. 15 పనిదినాల్లో యూఎస్‌సీఐఎస్‌ స్పందిస్తుంది. అందుకే హెచ్‌-4కు దరఖాస్తు చేసినా, ఆ 60 రోజులూ ఉద్యోగ వేట ఆపొద్దు.

ఈలోపు ఉద్యోగం వచ్చి హెచ్‌-1బీ పిటిషన్‌ వేస్తే, పెండింగ్‌లో ఉన్న ఐ-539ని ఉపసంహరించుకోవడంపై కంపెనీ లాయర్‌ను అడగండి. కొత్త హెచ్‌-1బీ తర్వాత హెచ్‌-4 ఆమోదం వస్తే, చివరగా వచ్చినదే అమలై మీ ఉద్యోగ అర్హత పోయే ప్రమాదం ఉంది.

ఇండియా వచ్చి హెచ్‌-4 స్టాంపింగ్‌తో వెళ్తే?

ఒకప్పుడు నెలల తరబడి ఐ-539 కోసం ఎదురుచూడటం కన్నా హైదరాబాద్‌ వచ్చి స్టాంపింగ్‌ చేయించుకోవడమే మేలని చాలామంది భావించేవారు. 205 డాలర్ల ఫీజుతో పని అయిపోయేది. ఇప్పుడు లెక్క మారింది.

2025 సెప్టెంబర్‌ 2 నుంచి డ్రాప్‌బాక్స్‌ సదుపాయం హెచ్‌-4 సహా చాలా వీసాలకు తీసేశారు. ఇంటర్వ్యూకు వెళ్లాల్సిందే. 2025 డిసెంబర్‌ 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 దరఖాస్తుదారుల సోషల్‌ మీడియా ఖాతాలను పరిశీలిస్తున్నారు. ఆ ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలి. ఈ మార్పుతో ఇండియాలో చాలా అపాయింట్‌మెంట్లు నెలల తర్వాతకు వాయిదా పడ్డాయి.

ఇంతకంటే పెద్దది లక్ష డాలర్ల వ్యవహారం. 2025 సెప్టెంబర్‌ 19న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన ప్రకటన ప్రకారం, అదే నెల 21 నుంచి వేసే కొత్త హెచ్‌-1బీ పిటిషన్లలో, అమెరికా బయట ఉండి చెల్లుబాటయ్యే హెచ్‌-1బీ వీసా లేనివారికి కంపెనీ లక్ష డాలర్లు చెల్లించాలి. ఈ ప్రకటనను తొలుత 12 నెలల గడువుతో తెచ్చారు. అమెరికాలోనే ఉండి స్టేటస్‌ మార్పు పొందేవారికి ఇది వర్తించదని యూఎస్‌సీఐఎస్‌ 2025 అక్టోబర్‌లో స్పష్టం చేసింది.

అంటే అమెరికాలో హెచ్‌-4గా ఉన్న వ్యక్తిని తీసుకోవడానికి కంపెనీకి ఆ భారం లేదు. అదే వ్యక్తి ఇండియాలో ఉంటే, లాటరీ అవసరం లేకపోయినా కంపెనీ వెనకడుగు వేయొచ్చు. టికెట్‌ బుక్‌ చేసుకునే ముందు ఈ నిబంధన తాజా పరిస్థితి ఏమిటో తప్పక చూసుకోండి.

పిల్లల స్టేటస్‌ మరచిపోవద్దు

పిల్లలు మీ హెచ్‌-1బీ ఆధారంగా హెచ్‌-4లో ఉంటే, మీ ఉద్యోగంతో పాటే వారి ఆధారమూ పోతుంది. అలాంటప్పుడు ఫారం ఐ-539ఏ ద్వారా వారినీ మీ దరఖాస్తులో చేర్చి, భాగస్వామి హెచ్‌-1బీ కిందకు మార్చాలి. జనన ధ్రువీకరణ పత్రాలు జతచేయాలి. పిల్లలు మొదటి నుంచీ భాగస్వామి మీదే ఆధారపడి ఉంటే ఈ పని అక్కర్లేదు.

ఇంటికంతా ఒకే ఉద్యోగం ఆధారం

హెచ్‌-4 గడువు భాగస్వామి హెచ్‌-1బీ గడువును దాటదు. వారి పొడిగింపు దగ్గర్లో ఉంటే, మీ హెచ్‌-4 కూడా దాంతో కలిపి వేయొచ్చా అని వారి కంపెనీని అడగండి. మీరు మారాక వారి ఉద్యోగం కూడా పోతే, ఇద్దరికీ, పిల్లలకూ కలిపి మళ్లీ గరిష్ఠంగా 60 రోజులే. కాబట్టి హెచ్‌-4కు మారే ముందే భాగస్వామి కంపెనీ పరిస్థితి, వారి ఐ-140 దశ, కొన్ని నెలలు ఒకే జీతంతో నడపగల పొదుపు... ఈ మూడూ కూర్చుని మాట్లాడుకోండి.

పంపే ముందు ఒకసారి సరిచూసుకోండి

- జీతం లెక్కగట్టిన చివరి రోజు తేదీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నారా?
- 60 రోజులు, ఐ-94 గడువు... ఏది ముందు వస్తుందో రాసుకున్నారా?
- వివాహ ధ్రువీకరణ పత్రం, అవసరమైతే అనువాదం సిద్ధమేనా?
- ఫారం ఎడిషన్‌, ఫీజు ఈ రోజు సైట్‌లో చూశారా?
- పిల్లలు ఎవరి మీద ఆధారపడి ఉన్నారో చూశారా?
- రసీదు నంబర్‌ వచ్చాక ఇద్దరి దగ్గరా ప్రతి ఉందా?
- నిర్ణయం వచ్చేదాకా ప్రయాణాలు వాయిదా వేశారా?

గతంలో స్టేటస్‌లో ఖాళీలు ఉన్నా, గడువు దాటిపోయినా, ఇప్పటికే ఏదైనా నోటీసు వచ్చినా సొంతంగా దరఖాస్తు చేయొద్దు. ముందు లైసెన్స్‌ ఉన్న ఇమిగ్రేషన్‌ లాయర్‌ను సంప్రదించండి.