మంజీర ఎగువన వలస లెక్క

వలస గురించి మన కథలూ కవితలూ ఎక్కువగా బస్సెక్కడంతో మొదలై కన్నీటితో ముగుస్తాయి. డబ్బు మాట వాటిలో అరుదు. కల్హేర్ వలస అర్థం కావాలంటే మాత్రం డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నదో చూడక తప్పదు.

మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నీళ్లు ఎగువన కల్హేర్ వైపు నిలిచాయి. కాలువలు దిగువన బోధన్ వైపు పారాయి. 1937లో అక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కోస్తా నుంచి రైతు కుటుంబాలు ఆ ఆయకట్టుకు వచ్చాయి. వారిదీ వలసే. కాని వారు అక్కడ భూమి అమ్మిన సొమ్ముతో వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. ఎగువ మెట్టపల్లెల, తండాల జనం రెక్కలు తప్ప ఏమీ లేక కదిలారు. రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్ల వర్గభేదం మరుగున పడుతున్నది.

మరొక సంగతి. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోది. ఆనాడు బీదరు వైపు పనికి పోవడమంటే సొంత జిల్లాలో తిరగడమే. తాలూకా మెదక్‌లో చేరాక (2016 నుంచి సంగారెడ్డి జిల్లా) అదే బాట పరరాష్ట్ర వలస అయింది.

చెరుకు నరికే పనిలో జమాఖర్చు తలకిందులుగా నడుస్తుంది. కూలి ముందే అడ్వాన్సుగా వస్తుంది. వానాకాలంలో మేస్త్రీ ఇచ్చే ఆ సొమ్ము పాత బాకీకో, పెళ్లికో, ఎండిన బోరుకో పోతుంది. దసరా, దీపావళి దాటాక ఆలుమగలు జంటగా పోయి నెలల తరబడి నరికి దాన్ని తీర్చాలి. మహారాష్ట్రలో ఆ జంటను ‘కోయ్‌తా’ అంటారు, అంటే కత్తి. మనుషులకు పనిముట్టు పేరు! టన్నులు తగ్గితే మిగిలిన బాకీ వచ్చే ఏటికి. ఊరికి ఆదాయం వచ్చినట్టు కనిపించేది నిజానికి ఇంకా చేయని శ్రమ మీద అప్పు.

బడిపంతులుగా నాకు ఇది హాజరుపట్టీలో కనిపిస్తుంది. దసరా తర్వాత తండా పిల్లల వరుసలు ఖాళీ. ఇంట్లో ముసలివాళ్లున్న పిల్లలే మిగులుతారు; కొందరు ఆడపిల్లలు తమ్ముణ్ణి ఎత్తుకోవడానికే పోతారు.

2011 జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. చెరుకు నరికే రోజులవి. ఆ గడువంతా ఊళ్లో లేనివారిని నిబంధన ప్రకారం ఉన్నచోటే రాసుకోవాలి. చెరుకుతోటల మధ్య గుడిసెల దాకా ఎందరు గణకులు పోయి ఉంటారు?

మన రచయితలెవరైనా మేస్త్రీ నోటుబుక్కు మీద కథ రాస్తే చదవాలని ఉంది. అందులో జంటకొక పుట ఉంటుంది, సాధారణంగా మగవాడి పేరుమీద. సగం చెరుకు నరికి, మోపులు కట్టి, బండికెత్తిన మనిషి పేరు ఆ పుటలో ఉండదు.