రెండు 108ల కథ

ఆ మధ్య అనంతపురంలో మా మామకి గుండెనొప్పి వస్తే ప్రైవేటు అంబులెన్సులో బెంగుళూరు తీసుకెళ్ళాల్సి వచ్చింది. పెనుకొండ, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి.. హైవే మీద బండి రివ్వుమని పోయింది. రెండొందల కిలోమీటర్లు పెద్ద అడ్డం లేకుండా వచ్చినవాళ్ళం, హెబ్బాళ దాటాక ఒక సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయాం. ముందర ఎర్ర లైటు, చుట్టూ కార్లు, నెత్తిన మా సైరన్ మోత. దారిచ్చినోళ్ళు తక్కువ. దారి దొరికాక మా వెనకాలే దూరిపోయినోళ్ళు మాత్రం ఎక్కువ!

"సైరన్ కొడితే ఎవురు నమ్ముతారన్నా.. ఉత్త బండేలే అనుకుంటారు" అన్నాడు డ్రైవరు.

మామ ఇప్పుడు బాగానే ఉన్నాడు, కంగారు పడకండి. కానీ ఆ పది నిముషాలూ నాకు ఒకటే ఆలోచన. టీవీని రిమోటుతో మార్చినట్టు ఆ సిగ్నల్‌ని బండిలోంచే పచ్చగా మార్చేస్తే ఎంత బావుండు అని. తీరిగ్గా వెతికితే తెలిసిందేంటంటే, అలాంటి పరికరం ఎప్పుడో వచ్చింది. దాన్ని అందరూ వాడకుండా ఆపడానికి అమెరికాలో ఒక చట్టం కూడా వచ్చింది.

అక్కడ త్రీఎం కంపెనీ వాళ్ళు కొన్ని దశాబ్దాల కిందటే ఆప్టికామ్ అని ఒకటి తయారు చేశారు. అంబులెన్సు పైన మినుకుమినుకుమనే లైటు ఉంటుంది, సిగ్నల్ స్తంభం మీద దాన్ని పసిగట్టే సెన్సారు ఉంటుంది. లైటు సెకనుకి సుమారు 14 సార్లు వెలిగి ఆరితే అత్యవసరం అని లెక్క. సుమారు 10 సార్లయితే సిటీ బస్సు లాంటి వాటికి, కాస్త తక్కువ ప్రాధాన్యం. సెన్సారు చెప్పగానే కంట్రోలరు అడ్డరోడ్డుకి పసుపు, ఎరుపు ఇచ్చి, ఇటువైపు పచ్చ లైటు ఇస్తుంది. బ్రహ్మాండమైన ఆలోచన. ఒక్కటే లోపం.. పాత సెట్లలో పాస్‌వర్డు లాంటిది ఏమీ లేదు. ఆ వేగంతో ఎవడు మినుకుమనిపించినా సెన్సారు నమ్మేస్తుంది!

ఇంకేముంది, 2003 కల్లా మర్ట్ అనే చిన్న పరికరాలు కొన్ని వందల డాలర్లకి మామూలు జనానికి కూడా ఇంటర్నెట్టులో దొరుకుతున్నాయని అక్కడి పత్రికలు గోల పెట్టాయి. 2005 ఆగస్టు 10న బుష్ సంతకం చేసిన రవాణా చట్టంలో దీనికోసమే ఒక సెక్షను పెట్టారు. అర్హత లేనివాడికి తెలిసి అమ్మితే ఏడాది దాకా జైలు, అర్హత లేనివాడు వాడితే ఆర్నెల్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయినా 2006లో కొలరాడో రాష్ట్రం లాంగ్‌మాంట్ ఊళ్ళో ఇలాంటి దానితో రెండేళ్ళపాటు సిగ్నళ్ళు మార్చుకుంటూ తిరిగిన ఒకాయనకి పడింది 50 డాలర్ల ఫైను. అంతే :)

ఇప్పుడు మన సంగతి. బుష్ సంతకం పెట్టిన అయిదు రోజులకే, 2005 ఆగస్టు 15న, హైదరాబాదులో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ నడిపింది. అప్పట్లో మన సిగ్నళ్ళకి ఆ సెన్సార్లూ అవీ ఎక్కడివి? అంబులెన్సో ఫైరింజనో వస్తే పక్కకి తప్పుకోవాలని 1989 నాటి రోడ్డు నిబంధనల్లో ఒక మాట ఉండేది, అప్పట్లో అదే ఆధారం.

అలాగని సిగ్నల్ మార్చే పరికరం మన దగ్గర లేదనుకునేరు. ఉంది. దాని పేరు ఎర్ర బుగ్గ! కారు నెత్తిన బుగ్గ తిరుగుతుంటే చౌరస్తాలో కానిస్టేబులు మిగతా వాళ్ళందర్నీ ఆపేసి సెల్యూట్ కొట్టేవాడు. పరికరం అదే, పని అదే. సెన్సారు మాత్రం మనిషి.

తమాషా ఏంటంటే ఆ బుగ్గ ఎవరు పెట్టుకోవచ్చో చెప్పే కేంద్ర మోటారు వాహనాల రూలు నంబరు కూడా 108. అందులో ప్రముఖుల కోసం ఒక సందు ఉండేది. ఆ ప్రముఖులెవరో కేంద్రం, రాష్ట్రాలు ఎప్పటికప్పుడు చెప్పొచ్చు. ఇంక ఊరుకుంటారా, జాబితా పెరుగుతూ పోయింది. 2013 డిసెంబరు 10న సుప్రీంకోర్టు జాబితా ఇలా పెంచడానికి వీల్లేదు, రాజ్యాంగ పదవుల్లో ఉన్న పెద్దలు డ్యూటీలో ఉన్నప్పుడే బుగ్గ అంది. చివరికి 2017 మే 1 నించి ఆ సందు కూడా మూసేశారు. అంబులెన్సు, ఫైరింజను, పోలీసు లాంటి అత్యవసర సేవలకే దీపం మిగిలింది.

మా ఆఫీసులో బగ్గులకి ప్రాధాన్యం రాసే పద్ధతి ఉంది. మొదట్లో పీ1 అంటే పరిగెత్తేవాళ్ళం. తర్వాత ప్రతి మేనేజరూ తన బగ్గుకి పీ1 తగిలించడం మొదలెట్టాడు. ఇప్పుడు పీ1 అంటే టీ తాగొచ్చాక చూద్దాంలే అంటాం. మర్ట్‌కీ, బుగ్గకీ పట్టిన రోగం ఇదే. అందరికంటే ముందు పోయే హక్కు కొద్దిమందికి ఉన్నంతవరకే పనిచేస్తుంది. దొంగతనంగా వాడుకున్న ప్రతివాడూ నిజంగా అవసరమైనవాడి వాటాలోంచే తీసుకుంటున్నాడు.

2019 సెప్టెంబరు నించి అంబులెన్సుకి దారివ్వకపోతే ఆర్నెల్ల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. అమెరికాలో దొంగతనంగా లైటు మార్చినవాడికీ ఆర్నెల్లే, ఇక్కడ నిజమైన సైరన్‌కి కదలనివాడికీ ఆర్నెల్లే. మంచి చట్టమే. కానీ బుగ్గలు పోయినంత తేలిగ్గా అవి నేర్పిన అనుమానం పోలేదు. ఏళ్ళ తరబడి ఉత్తుత్తి హారన్లు విన్న చెవులకి ఏది నిజమో ఎలా తెలుస్తుంది? దాని ఖరీదు హెబ్బాళలో మా మామ కట్టాడు. అనంతపురం నించి వచ్చే రోగికి గోల్డెన్ అవర్ దారిలోనే అయిపోతుంది, సిటీలో పోయే ప్రతి నిముషం అప్పు మీద అప్పు.

అన్నట్టు, ఆ డ్రైవరు చెప్పిన ఉత్త బండి సంగతి. అంబులెన్సు ఖాళీగా కనిపించినా సైరన్ వేసుకుని పోతోందంటే అది ఎవరినో ఎక్కించుకోడానికి పోతూ ఉండొచ్చు. ఆ రోజు మా ఇంటికొచ్చిన బండి కూడా ఖాళీగానే వచ్చింది. ఈసారి అద్దంలో ఉత్త బండి కనిపిస్తే, ముందు పక్కకి తీయండి. అనుమానాలు తర్వాత.