మిల్టన్ స్క్రూ, ఆడవాళ్ల రేజరు

టొరంటోకు పడమట, 401 హైవే పక్కన, నయాగరా ఎస్కార్ప్‌మెంట్ గుట్టల కింద ఉన్న ఊరు మిల్టన్. 2001లో అక్కడి జనాభా 31,471. 2021 నాటికి 1,32,979. ఆ ఇరవై ఏళ్లలో వచ్చి చేరినవాళ్లలో దక్షిణాసియా కుటుంబాలు చాలా ఉన్నాయి, తెలుగువాళ్లూ ఉన్నారు. కొత్త కాలనీల మధ్య పాత మిల్టన్ కనపడకుండా పోతున్నా, స్క్రూల విషయంలో ఆ ఊరి పేరు కెనడా అంతటా ఇంకా వినబడుతుంది. 1908లో పీటర్ లింబర్నర్ రాబర్ట్‌సన్ అనే ఆయనకు అప్పిచ్చి మరీ ఆ పట్టణం ఫ్యాక్టరీ పెట్టించుకుంది. మాంట్రియల్‌లో స్క్రూడ్రైవరు ఎలా పనిచేస్తుందో జనానికి చూపిస్తుండగా అది గాడిలోంచి జారి ఆయన చెయ్యి తెగిందనీ, ఆ దెబ్బతోనే తలలో చదరపు గుంట ఉన్న స్క్రూ ఆలోచన వచ్చిందనీ చెబుతారు. డ్రైవరు కొన ఆ గుంటలో దిగి బిగుసుకుంటుంది, పక్కకు జారదు, ఒంటిచేత్తో బిగించొచ్చు. కెనడాలో మోడల్-టి కార్లకు దీన్ని వాడిన ఫోర్డు కంపెనీ కారుకు 2 డాలర్ల 60 సెంట్లు మిగులుతున్నాయని లెక్క తేల్చింది. ఆ స్క్రూ విషయంలో తమకూ హక్కు కావాలని ఫోర్డు అడిగితే రాబర్ట్‌సన్ ససేమిరా అన్నాడు. 1930లలో ఫిలిప్స్ స్క్రూ వచ్చింది. పట్టులో అది రాబర్ట్‌సన్ స్క్రూకు సాటిరాదు, గట్టిగా తిప్పితే డ్రైవరు పైకి లేచిపోతుంది. అయితే అడిగిన ప్రతి కంపెనీకీ లైసెన్సు ఇచ్చారు. ప్రపంచం ప్లస్సు గుర్తు స్క్రూతో స్థిరపడింది, చదరపు డ్రైవరు కెనడా వడ్రంగి పెట్టెలో మిగిలింది.

రేజరు చరిత్ర చెప్పబోతూ స్క్రూ దగ్గర ఇంతసేపు ఆగడానికి కారణముంది. మంచి పనిముట్టు నిలుస్తుంది, నాసిది పోతుంది అని మనం సులువుగా అనుకుంటాం. మిల్టన్ అనుభవం వేరే మాట చెబుతోంది: మన చేతికి ఏది వస్తుందో చాలాసార్లు పేటెంటు నిర్ణయిస్తుంది. ఆడవాళ్ల రేజరు విషయంలో ఇది మరీ నిజం. ఇదే మిల్టన్‌లో, విమానాలకూ అంతరిక్ష పరికరాలకూ విడిభాగాలు చేసిన అనుభవంతో, హెన్సన్ అనే సంస్థ ఒక అల్యూమినియం సేఫ్టీ రేజరు తయారుచేస్తోంది. అది ఆడా మగా తేడా లేకుండా ఒకే యంత్రం మీద తయారై, రంగులు మాత్రం మార్చుకుని బయటికొస్తుంది. అయిదు బ్లేళ్ల గులాబీరంగు కార్ట్రిడ్జ్ వదిలి ఇలాంటి ఒంటి బ్లేడు రేజరుకు మళ్లుతున్న ఆడవాళ్లను చూసి, ఇదంతా అమ్మమ్మల కాలం మీద మోజు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నా వాదన అది కాదు. ఆడవాళ్ల చేతిలోంచి ఈ రేజరు పోవడానికి దాని లోపం కారణం కాదు, దాని పేటెంటు తీరిపోవడం కారణం. ఇప్పుడది తిరిగి రాగలగడానికి కూడా కారణం అదే.

మొదటినుంచీ చూస్తే, కత్తి సొంతచేతిలో ఉండటమే ఒక కొత్త సంగతి. తెలుగునాట మగవాడి గడ్డం మంగలి చేతిలో ఉండేది. ఏడాది పొడవునా క్షవరం చేసినందుకు కళ్లంలో ధాన్యం మేరగా కొలిచేవారు. ఆడదాని ఒంటికి నలుగు, సున్నిపిండి, కస్తూరి పసుపు. పసిపిల్లల దగ్గరినుంచీ రుద్దుతూ వస్తే నూనుగు వెంట్రుకలు తగ్గుతాయని నమ్మకం. ఆ కాలంలో కత్తి ఆడవాళ్ల దాకా వచ్చిన సందర్భాలు రెండే ప్రధానంగా కనిపిస్తాయి. ఒకటి తిరుమల కళ్యాణకట్టలో మొక్కు. రెండోది బ్రాహ్మణ కుటుంబాల్లోనూ మరికొన్ని కులాల్లోనూ వితంతువుకు చేసిన శిరోముండనం. మొదటిదాంట్లో ఇష్టం ఉంది, రెండోదాంట్లో లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన ఎదిరించిన ఆచారాల మూటలో ఈ కత్తి కూడా ఉంది. ఇష్టమున్నా లేకపోయినా, కత్తి పట్టింది మాత్రం వేరొకరు, దాదాపు ఎప్పుడూ మగవాడు. తిరుమలలో ఆడ భక్తులకు మహిళా క్షురకులు రావడం మన కాలపు మార్పు. కాబట్టి ఆడది తన కత్తి తాను పట్టుకోవడాన్ని అలంకారం కిందనే లెక్కవేస్తే ఈ చరిత్రలో సగం చదవనట్టే.

పడమటి దేశాల్లోనూ కత్తి సొంతచేతికి వచ్చింది ఆలస్యంగానే. 1880లో కాంఫె సోదరులు అమెరికాలో కత్తి అంచుకు అడ్డుపట్టీ పెట్టిన రేజరు తెచ్చారు. దాని బ్లేడును నూరుకుంటూ ఉండాలి. కింగ్ క్యాంప్ జిలెట్ ఆలోచన వేరు: నూరే పనే లేని, వాడి పారేసే పల్చటి ఉక్కు రేకు. అంత పల్చటి ఉక్కుకు పదును పెట్టడం కుదరదన్నవాళ్లే ఎక్కువ. విలియం నికర్సన్ అనే ఇంజనీరు యంత్రం కట్టి కుదిర్చాడు. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేళ్లు. 1904 నవంబరు 15న పేటెంటు వచ్చింది. పిడి చవగ్గా ఇచ్చి బ్లేళ్లలో లాభం తీయడం జిలెట్ కనిపెట్టిన ఎత్తు అని వ్యాపార పాఠాల్లో చెబుతుంటారు. నిజానికి పేటెంటు బతికున్నన్నాళ్లూ ఆయన కంపెనీ పిడి ధర 5 డాలర్ల నుంచి దించలేదు, అప్పటి కూలికి అది చిన్న సొమ్ము కాదు. 1921లో పేటెంటు తీరాకే చవక పిడులు వచ్చాయి. ఎవరైనా బ్లేడు చేయగలిగాక మాత్రమే ధర తగ్గిందన్నమాట. ఈ వాస్తవాన్ని పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి, అర్ధశతాబ్దం తర్వాత ఇది ఆడవాళ్ల ముందుకు తలకిందులుగా వస్తుంది.

1915లో జిలెట్ కంపెనీ ఆడవాళ్లకంటూ మొదటి రేజరు తెచ్చింది, పేరు మిలేడీ డెకోల్టే. చేతుల్లేని గౌన్లు ఫ్యాషనైన కాలం. చంకల్లో వెంట్రుకలు కనబడటం నామోషీ అని ఫ్యాషన్ పత్రికల్లో ప్రకటనలు అప్పుడే మొదలయ్యాయి. 1920లలో గౌను అంచు మోకాళ్ల వైపు జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో నైలాను పారాచూట్లకు పోయి మేజోళ్లు దొరకలేదు, ఉత్తి కాళ్లు బయటపడ్డాయి, రేజరు కాళ్లదాకా వచ్చింది. సిగ్గును ముందు అమ్మి, రేజరును తర్వాత అమ్మారనే విమర్శ ఇక్కడ పుడుతుంది. అది అబద్ధం కాదు. అయితే ఆ అరవై ఏళ్లలో ఆడవాళ్లు వాడిన పనిముట్టు ఏమిటో చూడాలి. 1960లనాటి లేడీ జిలెట్‌కు పిడి సన్నం, రంగులు లేతవి, పెట్టె ముద్దుగా ఉంటుంది. తెరిచి చూస్తే లోపల భర్త బ్లేడే, అదే రెండంచుల రేకు. ఇంట్లో ఒక పొట్లం కొంటే ఇద్దరికీ సరిపోయేది.

ఆ ఏర్పాటుకు గండి కొట్టింది ఇంకా మంచి బ్లేడు రావడమే. 1962 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన విల్కిన్సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ స్టీలు బ్లేడు తెచ్చింది. పాత కార్బన్ స్టీలు బ్లేడు తుప్పు పట్టి త్వరగా మొద్దుబారేది. దీనితో చాలా ఎక్కువ క్షవరాలు వచ్చేవి. అది జిలెట్ పిడిలో కూడా ఇట్టే పట్టింది, ఎందుకంటే బ్లేడు ఆకారం మీద ఎవరి హక్కూ లేదు. కంపెనీ కోణం నుంచి చూస్తే ఇంతకంటే ఇబ్బంది ఇంకేముంది? 1971లో జిలెట్ ట్రాక్-2 తెచ్చింది: ప్లాస్టిక్కులో బిగించిన రెండు బ్లేళ్లు, కొత్త పేటెంటు ఉన్న గుళిక (కార్ట్రిడ్జ్), ఆ కంపెనీ పిడికే అతికేది. 1975లో బిక్ మొత్తం రేజరునే పారేసేదిగా చేసింది. 1992లో సెన్సర్ ఫర్ విమెన్ వచ్చింది. ఇక్కడ ఒకరికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చి తీరాలి. ఆడవాళ్ల రేజర్లంటే మగవాళ్ల రేజర్లకు రంగు మార్చినవే అని గమనించి, తడిచేతికి జారని చదును పిడి గీసినది జిల్ షర్ట్‌లెఫ్ అనే డిజైనరు. పనిని నిజంగా ఆడదాని చేతివైపు నుంచి ఆలోచించిన మనిషి ఆమె. కానీ ఆ పిడి చివరన ఉన్నది మాత్రం కంపెనీ గుళికే. 2001లో మూడు బ్లేళ్ల వీనస్ వచ్చింది, ఆ తర్వాత అయిదు. 2015లో న్యూయార్క్ నగర వినియోగదారుల విభాగం ఆడ, మగ సరుకుల ధరలు పోల్చి చూస్తే ఆడవాళ్ల రేజర్లు సగటున 11 శాతం ఎక్కువకు అమ్ముడవుతున్నాయని తేలింది. రెండంచుల బ్లేడు కాలంలో ఈ తేడా బ్లేడు మీద పెట్టడానికి వీల్లేదు. గులాబీరంగు పొట్లం ఖరీదైతే పక్కనున్న నీలం పొట్లం తీసుకుంటే సరి, రెండూ ఒకే పిడిలో పడతాయి. తాళం కంపెనీది కాబట్టే తాళంచెవికి వాళ్లు చెప్పిందే ధర.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం భయానిది. ముఖం చిన్నది, అద్దంలో కనబడుతుంది. కాలి వెనక, చంక, మోకాలి చిప్ప వంపులు కనబడవు. అక్కడ విడి బ్లేడు కోస్తుందంటారు. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. పాత రేజర్లలో బ్లేడు అంచు ఎంత బయటికి వస్తుందో ఒక్కో దానికీ తేడా ఉండేది, బ్లేడు సరిగ్గా కుదరకపోతే ఒకవైపు ఎక్కువ తేలేది. గాట్లకు అసలు కారణం అది. సేఫ్టీ రేజరు తల విప్పితే మూడు ముక్కలు: పైమూత, కింది పలక, పిడి. మిల్లీమీటరులో పదోవంతు మందం ఉండే బ్లేడును మధ్యలో పెట్టి పిడి తిప్పితే మూత దాన్ని విల్లులా వంచి బిగిస్తుంది. ఆ వంపు వల్లే అంత పల్చటి రేకుకు బిగువు వస్తుంది. అంచు ముందు ఉండే పట్టీ చర్మాన్ని లాగి చదును చేస్తుంది. మిల్టన్‌లో చేసే రేజరులో బ్లేడు అంగుళంలో 0.0013 వంతే బయటికి తేలుతుంది, అంటే సుమారు 33 మైక్రాన్లు, మామూలు తలవెంట్రుక మందం కంటే తక్కువ. ఆ రేజరుకు ఏఎల్13 అని పేరు పెట్టింది అల్యూమినియం సంకేతాన్నీ, దాని పరమాణు సంఖ్యనూ బట్టి. అల్యూమినియం దిమ్మను కంప్యూటరు యంత్రం మీద కోసి ఆ కొలత తప్పకుండా పట్టుకోవడం విమాన విడిభాగాలు చేసేవాళ్లకు రోజువారీ పని. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో తగిలేలా తలను చెక్కారు, కోణం వెతుక్కునే పని చేతికి తగ్గింది. నొక్కకూడదు, పిడి బరువు చాలు. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానితే వెంట్రుక నీరు పీల్చి మెత్తబడుతుంది, సబ్బు నురగ బ్లేడును జార్చుతుంది. తడి క్షవరంలో రహస్యమంటూ ఉంటే ఇదే. స్నానాల గదిలో పొడి కాలిమీద హడావిడిగా లాగేవాళ్లకు అయిదు బ్లేళ్ల గుళికైనా మంటే మిగులుస్తుంది.

రెండో అభ్యంతరం మన ఇళ్లలోది: కత్తి తగిలితే జుట్టు దట్టంగా, ముతగ్గా వస్తుందని. అందుకే క్రీము, వ్యాక్సింగు, థ్రెడింగు తప్ప బ్లేడు వద్దని అమ్మలు హెచ్చరిస్తారు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూసి, గీయడం వల్ల వెంట్రుక మందం గానీ పెరిగే వేగం గానీ మారలేదని తేల్చింది. 1970లో మరో ప్రయోగంలో అయిదుగురు మగవాళ్లు నెలల తరబడి వారానికోసారి ఒక కాలే గీసుకున్నారు, రెండో కాలితో పోలిస్తే తేడా రాలేదు. (ఆడవాళ్ల బెంగకు మగవాళ్ల కాళ్లమీద జవాబు వెతికారు, ఏం చేస్తాం.) కోసిన చోట వెంట్రుక కొన మొద్దుగా ఉంటుంది, గరుగ్గా తగులుతుంది, ఆ గరుకే దట్టమనిపిస్తుంది. వెంట్రుక పుట్టేది చర్మం లోపల; పైన తిరిగే కత్తికి దానితో పని లేదు.

మూడో అభ్యంతరమే బరువైనది. వెంట్రుకలు తీసేయాలన్న ఒత్తిడే ప్రకటనలు పుట్టించినదైతే, ఏ రేజరు మంచిదనే చర్చ ఎందుకు, తీయడమే మానేయమనొచ్చు కదా? అనొచ్చు, మానేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో ఏ తగవూ లేదు. కానీ గీసుకోవాలనుకున్న మనిషి ఎంత కట్టాలి, ఎవరికి కట్టాలి అన్నది విడి ప్రశ్న. ఒత్తిడి అన్యాయమైనంత మాత్రాన దానిమీద వేసిన సుంకం న్యాయమైపోదు. పైగా ఇంటింటా రెండంచుల బ్లేడు ఇంకా బతికున్న దేశాల్లో మనది ఒకటి. భారతదేశంతో పాటు ఈజిప్టు, రష్యా, జపాన్‌లలో ఈ బ్లేళ్లు తయారవుతూనే వచ్చాయి. మన క్షౌరశాలలో విరిచిన సగం బ్లేడు కత్తిపిడిలో దూర్చి వాడతారు, మనిషి మారితే బ్లేడు మారుతుంది. కెనడా కంపెనీ పిడి ఒక్కటే చేసి బజారులో నిలబడగలుగుతోందంటే, బ్లేడు ఎవరి సొత్తూ కాకుండా ఇన్నేళ్లు ఇలాంటి చోట్ల నిలిచి ఉండటం వల్లే. రాబర్ట్‌సన్ తన స్క్రూ మీద పట్టు బిగించి ప్రపంచ బజారు పోగొట్టుకున్న ఊళ్లోనే, ఎవరి పట్టూ లేని బ్లేడు మీద ఈ వ్యాపారం నడుస్తోంది.

లోపాలు లేవని కాదు. పిడి తొలి ఖర్చు ఎక్కువ, చవక కార్ట్రిడ్జ్ రేజరుకు ఎన్నో రెట్లు. అది బ్లేళ్ల మీద మెల్లగా తిరిగొస్తుంది. వాడిన బ్లేళ్లు చెత్తసంచిలో విడిగా వేస్తే చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగుతాయి, మూతకు సన్నటి చీలిక పెట్టిన రేకుడబ్బాలో పోగేయాలి. పసిపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. విమానంలో చేతిసంచిలో విడి బ్లేళ్లు ఒప్పుకోరు, కార్ట్రిడ్జ్ ఒప్పుకుంటారు. కొనదలచుకున్న పాఠకులు రంగు, బ్లేళ్ల సంఖ్య, పెట్టెమీది బొమ్మ పక్కనపెట్టి దుకాణంవాణ్ణి ఒక్కమాట అడగండి: ఈ పిడిలో ఇంకో కంపెనీ బ్లేడు పడుతుందా? పడదంటే, పిడి ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.