బుక్ టవర్ పునర్జన్మ

పేరు చూసి గ్రంథాలయమని భ్రమపడకండి. ‘బుక్’ అన్నది అమెరికాలోని డెట్రాయిట్ నగరానికి చెందిన ముగ్గురు సోదరుల ఇంటిపేరు. లూయీ కాంపర్ అనే వాస్తుశిల్పి చేత వారు వాషింగ్టన్ బులెవార్డ్ వీధిలో 1924లో ఒక పెద్ద హోటలును, 1926లో 38 అంతస్తుల ఈ కార్యాలయ భవనాన్ని కట్టించారు. ఆపై తలపెట్టిన 81 అంతస్తుల సౌధం ఆర్థిక మాంద్యం వల్ల కాగితాల మీదే నిలిచిపోయింది.

1950లో పద్దెనిమిది లక్షలు దాటిన నగర జనాభా 2020 నాటికి 6,39,111కి పడిపోయింది. కార్ల కర్మాగారాలూ, వాటి వెంట జనమూ తరలిపోగా, 2009లో ఈ భవనం పూర్తిగా ఖాళీ అయింది. 2015లో బెడ్‌రాక్ సంస్థ దీనిని కొని, 2023లో మళ్ళీ తెరిచింది. ఇప్పుడిందులో అద్దె నివాసాలు, హోటల్ గదులు, కార్యాలయాలు, భోజనశాలలు ఉన్నాయి.

ఈ మార్పుకు వీలు కల్పించింది పాత కాలపు అవసరమేనని నా అభిప్రాయం. ఏసీలు లేని ఆ రోజుల్లో గుమాస్తా బల్లకు గాలీ వెలుతురూ కావాలి గనుక, గదులన్నీ కిటికీల దగ్గరే ఉండేవి. పడకగదికి కావలసిందీ అదే. తరువాతి కాలపు వెడల్పాటి అద్దాల మేడలకు ఈ సౌలభ్యం లేదు.

గోడలను కాపాడుకోవడం మంచిదే. కానీ ఒకనాడు జీతానికి వచ్చినవారి మనుమలు నేడు ఇక్కడ అద్దె కట్టి ఉండగలరా? పునరుద్ధరణకు అసలు పరీక్ష అదేనని నేననుకుంటాను.